మూతి కుదిరిన వైరు

ఆ మామా అల్లుళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పెళ్లయి మూడేళ్లు దాటినా ఆ మంట ఆరలేదు. అలాగని ఎదురుపడితే తిట్టుకునేవాళ్లా అంటే అదీ లేదు. తిట్టుకుంటే కడుపులో ఉన్నది కాస్తయినా బయటపడి ఇద్దరికీ తేలికయ్యేది. మామ "అల్లుడుగారూ" అని పిలిచేవాడు. ఆ "గారూ"ని ఎంత ఒత్తి పలికేవాడంటే, అంతకంటే "ఒరే" అన్నా నయమనిపించేది. అల్లుడు "మామయ్యగారూ" అంటూ దానికి రెట్టింపు మర్యాద తిరిగి వడ్డించేవాడు. అమ్మాయి ఆ రెండు మర్యాదల మధ్యా నలిగి నలిగి పుట్టింటికి రావడమే తగ్గించేసింది.

మామని బజార్లో వైర్ల పెద్దాయన అనేవాళ్లు. కంప్యూటర్ షాపులన్నీ ఒకేచోట చేరిన మూడంతస్తుల భవనం అది. రెండో అంతస్తులో, మెట్లకీ జెరాక్స్ షాపుకీ మధ్య ఇరికించిన గది ఆయనది. రెండు చేతులూ చాపితే రెండు గోడలూ అందుతాయి. ఒక గోడకి బల్ల, బల్ల మీద టంకం వేసే సోల్డరింగ్ ఐరన్, మీటరు, భూతద్దం. రెండో గోడకి నేల నుంచి కప్పు దాకా మేకులు. ప్రతి మేకుకీ గుత్తులుగా కేబుళ్లు. ఇరవై ఆరేళ్లలో ఆయన బల్ల మీద ప్రాణం వదిలిన ప్రతి కంప్యూటర్ లోంచీ, కరెంటు పంచే పవర్ సప్లై డబ్బాల్లో పారేసిన ప్రతిదాంట్లోంచీ ఊడదీసి దాచినవి. దుమ్ము పట్టనిచ్చేవాడు కాదు. నెలకోసారి తడిగుడ్డతో తుడిచి, మళ్లీ చుట్టలు చుట్టి తగిలించేవాడు. ఇంట్లో భార్య చీరలు ఎక్కడుంటాయో ఆయనకి తెలీదు గానీ, ఏ మేకుకి ఎన్ని కొనల వైరుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు.

ఏ వైరు ఏ డబ్బాలోంచి వచ్చిందని మాత్రం ఎన్నడూ రాసుకోలేదు. మూతులు, అంటే కొనన గుచ్చే కనెక్టర్లు, చూసి వరుస పెట్టేవాడు. నాలుగు పిన్నుల మూతివి ఒక వరుస, ఆరు పిన్నులవి ఇంకో వరుస. ఎవరైనా అడిగితే ఒకటే మాట. "దూరకూడనిది దూరదు. దూరిందా, దాని చోటు అదే."

అది వట్టి గొప్పా కాదు. కంప్యూటర్లు చేసినవాళ్లే ప్రతి మూతికీ ఒక మూల కోసి, ఒక పన్ను పెట్టి, తప్పు చోట పెట్టబోతే అడ్డుకునేలా చేశారు. ఆయన దగ్గరికి వచ్చేవన్నీ ఆఫీసుల్లో పాత కంప్యూటర్లు. వాటిలో ఈ సూత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. ఇరవై ఆరేళ్లు తప్పనిదాన్ని మనిషి శాస్త్రమనే అనుకుంటాడు. అందుకే డబ్బాలతో వచ్చే చిన్న పుస్తకాలని ఆయన మూత తీసిన చేత్తోనే చెత్తబుట్టలో వేసేవాడు.

అల్లుడు సరిగ్గా దానికి వ్యతిరేకం. లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం. తాడు ఎంత సాగింది, బ్రేకు ఎన్ని అంగుళాల్లో పట్టింది అన్నీ కొలిచి, ఫారం నింపి, కింద సంతకం పెట్టనిదే ఎవరినీ ఎక్కనివ్వడు. కొత్త మిక్సీ కొన్నా ముందు పుస్తకం మొత్తం చదువుతాడు, ఆ తర్వాతే ప్లగ్గు ముట్టుకుంటాడు. పెద్దాయనకి అది చూస్తే ఒళ్లు మండేది. అయితే అసలు కోపం ఇది కాదు. అమ్మాయికి ఆసుపత్రి ల్యాబ్‌లో నిక్షేపంలాంటి ఉద్యోగం ఉండేది. పెళ్లయిన మూడో నెలలో అది మానేసి, ఇంట్లో కూర్చుని కంప్యూటర్ ఆట ఒకటి తయారు చేస్తానంది. బుద్ధున్న మొగుడైతే వద్దంటాడు. వీడు సరేనన్నాడు. అనడమే కాదు, తన జీతంలోంచి కంప్యూటర్ సామాన్లు తెచ్చి పెట్టాడు. కూతురు చెడిపోవడానికి కారణం దొరికాక ఏ తండ్రి అయినా ఇంకో కారణం వెతుక్కుంటాడా?

ఆ ఆట ఏమిటో పెద్దాయన ఎప్పుడూ అడగలేదు. చీకటి ఇల్లు ఒకటుంటుందట. ఆడేవాళ్లు చిన్న దీపం పట్టుకుని, చప్పుళ్లు వింటూ, ఒక్కో గదిలో ఎదురైన మనిషిని నమ్మాలో వద్దో తేల్చుకుంటూ బయటపడాలట. భార్య చెప్పబోతే "చీకట్లో తిరగడానికి ఉద్యోగం మానాలా?" అనేవాడు.

మూడేళ్లకి ఆ ఆట ఒక కొలిక్కి వచ్చింది. ఒక కంపెనీ వాళ్లు నెలాఖరుకల్లా పంపిస్తే చూస్తామన్నారు. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ పేచీ పెట్టింది. ఆటలో మూడో గదికి నాలుగు పక్కలా అద్దాలు. దీపం పట్టుకుని అందులో అడుగుపెట్టగానే కంప్యూటర్ టప్పున ఆరిపోయేది. కొత్తగా వేసిన గ్రాఫిక్స్ కార్డుకి పాత పవర్ సప్లై చాలడం లేదు. అదైతే ఇద్దరూ ఒప్పుకున్నారు, మామా అల్లుడూ కలిసి ఒప్పుకున్నది బహుశా అదొక్కటే. కొత్త సప్లై నాన్న షాపులోనే తీసుకోవాలనీ, నాన్న చేత్తోనే బిగించాలనీ అమ్మాయి పట్టుబట్టింది. అలాగైనా ఇద్దరూ ఒక బల్ల దగ్గర నిలబడతారని ఆవిడ ఆశ.

శుక్రవారం సాయంత్రం కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు ఒకే మాట చెప్పింది. "నాన్నా, లోపల రెండు డిస్కులున్నాయి. మూడేళ్ల పనీ వాటిలోనే ఉంది. వేరే ఎక్కడా లేదు, జాగ్రత్త."

రెండు డిస్కులు పెట్టమన్న సలహా కూడా ఆయనదే. ఒకదాంట్లో పని, రెండోదాంట్లో దాని కాపీ. ఒక కాపీ ఇంటి బయట ఎక్కడైనా దాచమని అల్లుడంటే, పెద్దాయన నవ్వి, ఒకటి పోతే ఇంకోటి ఉంటుందనీ, రెండూ ఒకేసారి పోవడం ఇరవై ఆరేళ్లలో తను చూడలేదనీ చెప్పాడు. తండ్రి మాట మీద ఆవిడకి గురి.

శనివారం పొద్దున సప్లై ఎంచుకోవడానికి అల్లుడొక్కడే వచ్చాడు, చేతిలో అచ్చు వేసిన కాగితంతో. పెద్దాయన అప్పటికే ఐదు డబ్బాలు బల్ల మీద పేర్చి ఉంచాడు. అల్లుడు కాగితం చదవడం మొదలుపెట్టాడు. కార్డు ఇంత లాగుతుంది, ప్రాసెసర్ ఇంత, మొత్తం మీద ఎనిమిది వందల యాభై వాట్లు కావాలి. ఐదు వందల యాభై చాలని పెద్దాయన అన్నాడు. ఇంట్లో ఫ్రిజ్ కూడా దీనికే తగిలిస్తారా అల్లుడుగారూ అని కూడా అన్నాడు. లిఫ్టు నడిచేటప్పుడు లాగే కరెంటు వేరు, కదిలే క్షణంలో లాగేది వేరు, ఈ కార్డూ అంతే, అద్దాల గదిలో రెప్పపాటు కాలం రెట్టింపు లాగుతుంది, అందుకే ఆరిపోతోంది అని అల్లుడు జవాబిచ్చాడు. అందులో న్యాయం ఉందని పెద్దాయనకి వెంటనే తెలిసింది. తెలిసినందుకు ఇంకా ఒళ్లు మండింది.

వాట్ల దగ్గర దిగివచ్చాడు గానీ, డబ్బా దగ్గర దిగలేదు. పవర్ సప్లైని ఆయన కాగితం చూసి కొనడు, చేత్తో తూచి కొంటాడు. మంచి సప్లైలో రాగి ఎక్కువుంటుంది, వేడి లాగే లోహం ఎక్కువుంటుంది, కాబట్టి బరువుంటుంది. తేలిగ్గా ఉన్నది దగా. ఐదు డబ్బాల్నీ ఒక్కోటే రెండు అరచేతుల్లో పెట్టుకుని కళ్లు మూసుకుని తూచాడు. నాలుగోది ఎత్తగానే మొహం వెలిగింది. బల్ల మీద పెడితే దబ్బుమని మోగింది. రెండేళ్లుగా వచ్చిన ప్రతివాడికీ ఆయన ఇస్తున్నది అదే.

"ఇదీ సప్లై అంటే" అన్నాడు.

అల్లుడు జేబులోంచి టార్చి తీశాడు. లిఫ్టుల కింద దూరి చూసే టార్చి అది. ఫ్యాను సందుల్లోంచి ఒక నిమిషం లోపలికి చూశాడు. తర్వాత స్క్రూడ్రైవర్ అడిగాడు. సీలు చిరిగితే కంపెనీ వెనక్కి తీసుకోదని పెద్దాయన చెబితే, నేనే ఉంచుకుంటానన్నాడు. అప్పటికి జెరాక్స్ షాపు ఆయన టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అల్లుడు నాలుగు స్క్రూలూ విప్పి, మూత పైకెత్తి, దాన్ని తిరగేసి బల్ల మీద పెట్టాడు.

మూత లోపలి వైపు వేలెడు మందం ఇనప పలక ఒకటి రివెట్లు కొట్టి ఉంది. దానికి ఒక వైరు లేదు, ఒక టంకం చుక్క లేదు. ఊరికే ఉంది.

"ఇది ఏం పని చేస్తుంది మామయ్యగారూ?"

పెద్దాయనకి నోట్లో వెలక్కాయ పడింది. చేత్తో తూచి కొనే తనలాంటివాళ్ల కోసమే ఎవడో కూర్చుని ఆలోచించి ఆ పలక బిగించాడు. జెరాక్స్ ఆయన టీ ఒలికేలా నవ్వాడు. మధ్యాహ్నానికల్లా మూడంతస్తులకీ తెలిసిపోయింది. భోజనానికి కిందికి దిగుతుంటే మెట్ల మీద ఎవరో "ఇనప ముక్క ఎంత బరువుందండీ?" అని అడిగారు.

ఆ ఇనప ముక్క తర్వాత ఇక ఎంచుకోవడానికి ఏమీ మిగల్లేదు. అల్లుడు తన కాగితంలో గీత గీసి ఉంచుకున్న డబ్బానే పక్కకి తీశాడు. అది కొత్త రకం. పాతవాటికి వైర్లు తోకల్లా అతికే ఉంటాయి. దీనికి వైర్లు విడిగా ఒక సంచిలో వస్తాయి, కావలసినవి మాత్రం డబ్బా వెనక ఉన్న మూతుల్లో గుచ్చుకోవాలి. దీని వల్ల ఏదైనా కాలితే, కాలిన ప్రతిదానికీ బదులు కొత్తది ఇస్తామని కంపెనీ రాసిచ్చింది కూడా. కాలుతుందని వాళ్లకే నమ్మకం ఉందన్నమాట అన్నాడు పెద్దాయన. అల్లుడు ఆ మాట పట్టించుకోకుండా చిన్న పుస్తకం తెరిచాడు. మూడో పేజీలో ఎర్రగీతల మధ్య ఏదో ఉంది.

"మామయ్యగారూ, ఈ వైర్ల గురించి ఒక హెచ్చరిక—"

"వైర్ల గురించి నాకు మీరు చెబుతారా?" అన్నాడు పెద్దాయన. గొంతు పెంచలేదు. "లిఫ్టులున్నాయి కదా, వెళ్లి చూసుకోండి. రేపు నాలుగింటికి ఇద్దరూ వచ్చి తీసుకెళ్లండి."

అల్లుడు పుస్తకం మూసి, డబ్బా మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆదివారం భవనంలో సగం షాపులు మూసి ఉంటాయి. పెద్దాయన తలుపు దగ్గరగా వేసుకుని పనిలో కూర్చున్నాడు. సప్లైని క్యాబినెట్‌లో బిగించాడు. మదర్‌బోర్డు వైరూ, కార్డు వైర్లూ సంచిలోవే పెట్టాడు, అంత లావువి తన గోడ మీద లేవు కాబట్టి. డిస్కుల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. సంచిలో ఉన్న డిస్కుల వైరు బద్దలా వెడల్పుగా, బిరుసుగా ఉంది. మూల దగ్గర వంగడం లేదు. ఇంత గొప్ప డబ్బాకి ఇలాంటి వైరా అనుకుని లోపల్లోపల సంబరపడ్డాడు. తల ఎత్తితే గోడ కనిపించింది. నాలుగో వరుసలో, ఎప్పుడో ఇలాంటి విడి వైర్ల డబ్బా ఇంకోదానితో వచ్చిన నల్లదారం అల్లిన వైరు ఒకటి, ఒక కొనకి ఆరు పిన్నుల మూతి, రెండో కొన వైపు డిస్కులకి మూడు మూతులు. మెత్తగా, ఎటు వంచితే అటు వంగేది.

అల్లుడు ఎంచిన డబ్బాలో తన వైరు ఒక్కటైనా ఉండాలి అనిపించింది. అది పని తెలిసినవాడికి వచ్చిన ఆలోచన కాదు, మెట్ల మీద మాట పడ్డవాడికి వచ్చిన ఆలోచన. ఆరు పిన్నుల మూతిని డబ్బా వెనక పెట్టి నొక్కాడు. టక్కుమని హాయిగా కూర్చుంది. రెండో కొన రెండు డిస్కులకీ పెట్టాడు. స్విచ్ వేశాడు.

ఫ్యాను సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. డిస్కుల దగ్గర చిన్న చప్పుడు, వెంటనే ఇంకోటి. తర్వాత వాసన వచ్చింది.

ఆ వాసన ఆయనకి తెలుసు. ఇరవై ఆరేళ్లుగా జనం తెచ్చిచ్చిన పెట్టెల్లోంచి వచ్చే వాసన. తన చేతి కిందనుంచి రావడం ఇదే మొదలు. డిస్కులు ఊడదీసి స్విచ్ వేస్తే కంప్యూటర్ చక్కగా నడిచింది. డిస్కులు పెడితే ఆగిపోయింది. వైరు తీసి, డబ్బాలోది తీసి, రెండింటికీ మీటరు పెట్టి చూశాడు. మూతి ఒకటే, కోసిన మూల ఒకటే, పన్ను ఒకటే. లోపల వైర్ల వరుస వేరు. ఐదు వోల్టులు వెళ్లాల్సిన దారిలో పన్నెండు వెళ్లాయి. ఒక కంపెనీ డబ్బా వైరు ఇంకో కంపెనీ డబ్బాలో దూరుతుంది, దూరి కాలుస్తుంది. దూరకూడనిది దూరింది.

గడియారం నాలుగుకి ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది. అప్పుడు ఆయన చేసిన పనిని ఎవరూ మెచ్చుకోరు, చెప్పడానికి నాకూ సిగ్గుగానే ఉంది. డబ్బాతో వచ్చిన బిరుసు వైరునే డిస్కులకి తగిలించాడు. నల్లదారం వైరుని గుడ్డతో తుడిచి, చుట్ట చుట్టి, నాలుగో వరుసలో అదే మేకుకి తగిలించాడు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు, తేలు కుట్టిన దొంగలా.

వాళ్లు నాలుగింటికి వచ్చారు. మొదటిసారి స్విచ్ వేయగానే సప్లై ఒక్కసారిగా ఎగదన్నిందనీ, రెండు డిస్కులూ పోయాయనీ చెప్పాడు. అల్లుడివైపు చూడకుండా, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను దాన్ని తిట్టను. కానీ ఎంచింది నేను కాదమ్మా" అన్నాడు. సామెత కూడా ఎంత చక్కగా కుదిరిందో చూడండి.

అమ్మాయి ఏడవలేదు. రెండు డిస్కుల మీదా చెరో చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత మొగుడివైపు తిరిగింది.

"నీ లెక్కలన్నీ చూసుకుని ఎంచింది ఇదే కదా?"

"ఇదే" అన్నాడు అతను.

ఆవిడ అతన్ని చూసిన చూపు పెద్దాయన చూశాడు. మూడేళ్లుగా ఆయన కోరుకున్నది సరిగ్గా ఆ చూపే. కూతురి కళ్లలో అల్లుడు ఒక్కసారైనా ఇలా చిన్నవాడైపోవాలని ఎన్ని రాత్రులు పళ్లు కొరుక్కున్నాడో. ఇప్పుడు అది ఎదురుగా, రెండడుగుల దూరంలో జరుగుతుంటే, ఆయనకి మింగుడు పడలేదు. అల్లుడు గోడకి ఆనుకుని, తన కాగితం తీసి అంకెలు మళ్లీ కూడుకుంటున్నాడు. ఎక్కడ తప్పాడో తెలియక పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ కూడుతున్నాడు.

గంట గడిచింది. అల్లుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తనకి తెలిసిన పని మొదలుపెట్టాడు. కంపెనీ రాసిచ్చిన షరతు చదివాడు. సప్లైనీ, కాలిన డిస్కుల్నీ ఎవరూ ముట్టుకోకుండా సీలు వేసి పంపాలి. పరీక్ష చేసి కొత్తవి పంపుతారు. కొత్త డిస్కులంటే ఖాళీవి. పాతవి తిరిగిరావు, వాళ్ల గోదాములో ఉండిపోతాయి. అమ్మాయి ఇక ఏదైతే ఏముంది అన్నట్టు తల ఊపింది. అతను డిస్కుల్ని కవర్లో పెట్టి టేపు లాగాడు. ఫారం తీసి అడిగాడు.

"మామయ్యగారూ, సరిగ్గా ఏం జరిగిందో చెప్పండి. ఇక్కడ రాయాలి."

పెద్దాయన మనసులో ఒక లెక్క ఉంది. డిస్కు మీద కరెంటు లోపలికి వచ్చే చోట బియ్యపు గింజంత నల్ల డయోడ్ ఒకటి ఉంటుంది. ఎక్కువ వోల్టు వస్తే అది తాను కాలిపోయి వెనకున్నవాటిని కాపాడుతుంది. దాన్ని పీకేస్తే డిస్కు మళ్లీ లేవచ్చు. వీళ్లు డిస్కులు తన దగ్గర వదిలి వెళితే రహస్యంగా పీకి చూద్దామనుకున్నాడు. డిస్కు బతుకుతుంది, పరువూ బతుకుతుంది. ఈ ఫారాల మనిషి ఆ దారి మూసేశాడు. టేపు అతుక్కుందంటే కూతురి మూడేళ్లు ఎవరిదో గోదాములోకి పోతాయి. ఆయన నోరు తెరిస్తే తన ఇరవై ఆరేళ్లు పోతాయి.

"ఆగండి" అన్నాడు.

స్టూలు లాక్కుని ఎక్కాడు. నాలుగో వరుసలో నల్లదారం వైరు తీసి, దిగి, అమ్మాయి ముందు పెట్టాడు.

"డబ్బా తప్పేం లేదు. ఇది పెట్టాను నేను."

అమ్మాయి ఆ వైరుని తిప్పి మూతి చూసింది. పక్కనే డబ్బా వైరు మూతి చూసింది. రెండింటికీ తేడా కనిపించక మొగుడివైపు చూసింది. మూడో పేజీలో ఉందనీ, నిన్న చదవబోయాననీ అతను చెప్పాడు. ఎందుకు చదవలేదో చెప్పలేదు. ఆవిడకి చెప్పక్కర్లేదు, తండ్రి సంగతి తెలుసు. డబ్బా మీద పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి ఆయన చేతిలో పెట్టింది.

"చదువు నాన్నా. పైకి చదువు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. ఈ పవర్ సప్లైతో వచ్చిన కేబుళ్లనే వాడవలెను. ఇతర సప్లైల కేబుళ్లు మూతి కుదిరినప్పటికీ లోపలి వరుస వేరుగా ఉండవచ్చును. వాటిని తగిలించినచో పరికరములు శాశ్వతముగా చెడిపోవును. మూడు వాక్యాలు. ఆదివారం సాయంత్రం షాపు బయట వసారా ఖాళీగా ఉంది కాబట్టి ప్రతి మాటా గోడకి తగిలి తిరిగి వచ్చింది.

అల్లుడు అప్పుడు మాట్లాడాడు. మర్యాద మారలేదు.

"తప్పు ఎవరైనా చేస్తారు మామయ్యగారూ. గంట నుంచి మీ అమ్మాయి నన్నెలా చూసిందో మీరు చూశారు. కుర్చీలో కూర్చుని చూశారు. డిస్కు బతికినా చచ్చినా నేను మళ్లీ ఈ గుమ్మం ఎక్కను."

పెద్దాయన డయోడ్ సంగతి అమ్మాయికి చెప్పాడు. చెయ్యమంది. ఐరన్ వేడెక్కేదాకా ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. డిస్కు బోర్డు విప్పి వంగేసరికి పక్కనుంచి టార్చి వెలుగు వచ్చి సరిగ్గా ఆ నల్ల గింజ మీద పడింది. ఆ వెలుగు తనకోసం కాదని ఆయనకి తెలుసు. గింజ పీకి, అల్లుడు రెండుసార్లు సరిచూసిన డబ్బా వైరు తగిలించి, స్విచ్ వేశారు. మొదటి డిస్కు ఉలకలేదు, పలకలేదు. లోపల చిప్పు కూడా కాలిపోయింది. రెండోదాని గింజ పీకాడు. అది చిన్నగా గురక పెట్టినట్టు తిరగడం మొదలుపెట్టింది.

రెండోది కాపీల డిస్కు. చివరి కాపీ తీసి ఐదు వారాలైంది. ఆ ఐదు వారాల్లో అమ్మాయి చేసింది అద్దాల గది. ఏ గదికోసం ఈ సప్లై కొన్నారో, ఆ గది లేదు. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ తొమ్మిది రోజుల్లో అది తిరిగి తయారయ్యేది కాదని ఆవిడ మొహం చూస్తేనే తెలిసింది.

మిగిలినవి తెరుచుకుంటున్నాయో లేదో చూడాలని ఆవిడ ఆటలోని చప్పుళ్ల ఫైళ్లలో ఒకటి నొక్కింది. స్క్రూ బల్ల మీద పడి దొర్లిన చప్పుడు. ఐరన్ చుయ్యిమన్న చప్పుడు. ఒక ముసలి దగ్గు. తర్వాత ఆయన గొంతే, ఎప్పుడు రికార్డు చేసుకుందో తెలీదు. "దూరకూడనిది దూరదమ్మా. దూరిందా, దాని చోటు అదే."

ఆటలో రెండో గదిలో ఒక రిపేరు మనిషి ఉంటాడట. చీకట్లో దారి తప్పినవాళ్లకి ఆ మాట చెబుతాడట. ఆ ఇంట్లో కళ్లు మూసుకుని నమ్మదగ్గ మనిషి అతనొక్కడేనట. అమ్మాయి ఇదంతా ఆయనకి చెప్పలేదు. తర్వాతెప్పుడో భార్య చెబితే తెలిసింది. ఆ రోజు మాత్రం ఫైలు మూసేసి, ఎవరితోనూ కాదన్నట్టు "ఈ మాట తీసేయాలి" అంది.

సోమవారం పెద్దాయన షాపు తెరిచి రిపేర్లు ముట్టుకోలేదు. ఒక్కో వైరూ దింపి, అది ఏ కంపెనీదో, ఏ డబ్బాదో కాగితం ముక్క మీద రాసి కడదామని కూర్చున్నాడు. మొదటిది చేతిలోకి తీసుకున్నాడు. తెలీలేదు. రెండోదీ తెలీలేదు. మధ్యాహ్నానికి బల్ల నిండా వైర్లు, కాగితం ముక్కలన్నీ ఖాళీ. ప్రతిదానికీ ఏదో ఒక డబ్బా మూతి కుదురుతుంది, ఒక్కదాన్నీ నమ్మడానికి లేదు. సాయంత్రం పాత సామాన్లవాడు వచ్చి నాలుగు గోనెసంచుల్లో నింపుకుపోయాడు. మేకులు మిగిలాయి.

నెలాఖరు పోయింది. ఆ కంపెనీవాళ్లు వచ్చే ఏడాది చూద్దామన్నారు. అమ్మాయి పుట్టింటికి ఫోను చేయడం మానలేదు గానీ, చేస్తే అమ్మకే చేసేది.

మరుసటి నెల మూడో వారంలో ఒకరోజు అమ్మాయి షాపుకి వచ్చింది. ఒక్కతే పైకి వచ్చింది. కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు అవతల అల్లుడు బండి స్టాండు వేసి, భవనంవైపు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఆవిడ ఖాళీ గోడవైపు ఒకసారి చూసింది. సంచిలోంచి చిన్న రికార్డరు తీసి బల్ల మీద పెట్టింది.

"రెండో గదిలో ఆయనకి కొత్త మాట కావాలి నాన్నా. దారి తప్పినావిడ ఒకతె వచ్చి, చేతిలో వైరు పెట్టి, ఇది దేనిది అని అడుగుతుంది. ఏం చెబుతావు?"

బటను నొక్కింది. ఎర్రలైటు వెలిగింది. పెద్దాయనకి వచ్చిన సామెతలన్నీ ఒక్కొక్కటే నోటిదాకా వచ్చి వెనక్కి పోయాయి.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "దానితోపాటు వచ్చిన కాగితం ఉంటే చదువు."

ఆవిడ బటను ఆపింది. చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి విని, చాలంది. రికార్డరు సంచిలో వేసుకుని, మెట్లు దిగి, రోడ్డు దాటి బండెక్కింది.